ఊ కొట్టే తరగతి

(తునిలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం పెట్టారో ఆ మాస్టారి పేరున మాట్లాడమని పిలిచినప్పుడు ఏ విషయం ఎంచుకోవాలా అని ఆలోచించాల్సిన పని పడలేదు. ఆయన ఉద్యోగమంతా ఒకటి నుంచి అయిదు తరగతుల మధ్యే గడిచింది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఏం గుర్తుందని వాళ్లను అడిగితే ముందు చెప్పేది ఆయన చెప్పిన కథల గురించే. అందుకే చిన్న తరగతుల్లో కథ చెప్పడం గురించి, చదివింది అర్థం కావడానికి అది ఎలా పనికొస్తుందన్న దాని గురించి మాట్లాడతాను.

మూడో తరగతి గదిలోకి వెళ్లి ఒక పిల్లను లేపి పాఠం చదవమనండి. గడగడా చదువుతుంది. ఒత్తులు పలుకుతుంది, చుక్క దగ్గర ఆగుతుంది. "బాగా చదివావమ్మా, ఇప్పుడు ఏం జరిగిందో చెప్పు" అనండి. కాసేపు మన ముఖంలోకి చూసి, మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెడుతుంది. ఈ అనుభవం లేని టీచరు ఇక్కడ ఎవరూ ఉండరు. ఆ పిల్ల దృష్టిలో చెప్పమనడమంటే చదవమనడమే. ఆ అక్షరాల వెనక ఏదో జరిగిందనీ, దాన్ని తన మాటల్లో చెప్పవచ్చనీ ఆమెకు తోచలేదు. అదే పిల్ల ఇంటర్వెల్లో రాత్రి టీవీలో చూసిన సినిమా గురించి స్నేహితురాళ్లకు చెబుతుంటే వినండి. ఎవరు ఎవరిని ఎందుకు మోసం చేశారు, అది ఎలా బయటపడింది, చివరికి ఎవరు ఎవరిని క్షమించారు, అంతా వరసగా చెబుతుంది. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే వెనక్కి వెళ్లి అతికిస్తుంది. అంటే అర్థం చేసుకునే శక్తి ఆమెకు నిండుగా ఉంది. అది అచ్చు అక్షరం దాకా చేరలేదు, అంతే. నేను చెప్పదలచుకున్నదంతా ఈ దూరం గురించే.

ఈ సమస్య తునిదో, కాకినాడ జిల్లాదో మాత్రమే కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును చూసి 'అసర్' నివేదికలు ఇస్తోంది. అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 2018లో 50.5 శాతం. కరోనా తర్వాత 2022లో అది 42.8కి పడిపోయింది. 2024లో 48.8కి చేరింది. ఆ పరీక్ష ముఖ్యంగా చూసేది పైకి చదవగలగడాన్ని. చదివింది తలకెక్కిందా అన్నది అక్కడ తేలదు. అది కూడా కలిపి చూస్తే లెక్క ఇంకా బరువెక్కుతుంది. పదేళ్లు వచ్చినా చిన్న పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేని పిల్లలు మన దేశంలో 55 శాతం అని ప్రపంచ బ్యాంకు 2019లో అంచనా వేసింది.

ఎందుకిలా అవుతోంది? 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక గుణకారంగా చూపించారు. అక్షరాలు కూడబలుక్కునే శక్తి ఒకటి, విన్న మాటను అర్థం చేసుకునే శక్తి ఇంకొకటి. ఈ రెంటినీ హెచ్చవేస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. ఇది కూడిక కాదు, గుణకారం. కాబట్టి రెంటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మన బడులు మొదటి దాని మీద చెమటోడ్చి, రెండోది దానంతటదే పెరుగుతుందని వదిలేశాయి.

మొదటిదానికి మన దగ్గర పట్టే కాలం కూడా ఎక్కువ. అచ్చులు, హల్లులు, ఒక్కో హల్లుకు గుణింతం, ఆపైన ఒత్తులు. పిల్ల కంటితో గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశీలనలో ఈ నేర్పు నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని తేలింది. కన్నడ లిపికీ మన లిపికీ ఉన్న దగ్గరతనం మీకు తెలిసిందే. ఈ మూడు నాలుగేళ్లూ పిల్ల సొంతంగా చదవగలిగేది ఏమిటి? అల, వల, తల. తర్వాత ఊయల, ఉడుత. అందులో అర్థం చేసుకోవడానికి ఏముంది? ఆరేడేళ్ల బుర్ర రామాయణంలో ఎవరిది తప్పో తర్కించగలదు. మనం దాని ముందు 'తల' అన్న మాట పెట్టి కూర్చోబెడుతున్నాం. అర్థం కోసం వెతకనక్కర్లేని చదువును మూడేళ్లు అలవాటు చేసి, నాలుగో ఏట ఒక్కసారిగా అర్థం చెప్పమంటే ఆ పిల్ల ఎక్కణ్ణించి తెస్తుంది?

అక్షరాలు కూడబలుక్కునే ఏళ్లలో అర్థం చెవి ద్వారా పెరగాలి. ఆ పని చేయగలిగేది కథ. కథ చెప్పడం పాఠం అయిపోయాక ఇచ్చే బహుమతి కాదు, శనివారం ఆఖరి పీరియడ్‌లో కాలక్షేపమూ కాదు. చిన్న తరగతుల్లో అసలు పఠన పాఠం అదే. ఈ మాట నేను పూర్తి నమ్మకంతో అంటున్నాను.

కథ వినడం అంటే నోరు మూసుకుని కూర్చోవడమని మన ఇళ్లలో ఎన్నడూ లేదు. రాత్రి మంచం మీద అమ్మమ్మ కథ చెబుతుంటే వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే అమ్మమ్మ ఆగుతుంది. నిద్రపోయారా, దారి తప్పారా అని చూసుకుంటుంది. కొంచెం వెనక్కి వెళ్లి అందుకుంటుంది. భయం వేసిన చోట ఊ ఒక రకంగా ఉంటుంది, నమ్మకం కలగని చోట సాగదీసి ఇంకో రకంగా వస్తుంది. వింటున్నవాడికి అర్థమవుతోందా అన్నది వాక్యం వాక్యానికీ చూసుకునే ఏర్పాటు అది. మన తరగతి గదుల్లో "అర్థమైందా?" అంటే నలభై గొంతులు కలిసి "అర్థమైందండీ" అంటాయి. ఆ జవాబులో ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. అమ్మమ్మకు తెలిసేది.

బుర్రకథ చూడండి. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు నిలబడతారు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. వాళ్లు తాన తందాన అనడానికి మాత్రమే లేరు. జనం మనసులో లేచే ప్రశ్నను జనం తరఫున అడగడానికి ఉన్నారు. "అదేంటి, రాజు అంత తెలివితక్కువవాడా?" అని వంత అడిగితేనే కథకుడు రాజు మనసులో ఏముందో విప్పుతాడు. షేక్ నాజర్ (1920–1997) లాంటి గొప్ప కథకుడు 'అల్లూరి సీతారామరాజు', 'పల్నాటి యుద్ధం' చెబుతుంటే చదువురాని వేలమంది రాజకీయం అర్థం చేసుకున్నారంటే ఆ అడగడం, చెప్పడం వల్లే. తరగతిలో ఇద్దరు పిల్లల్ని వంతలుగా నిలబెట్టండి. వాళ్ల పని ఒక్కటే: టీచరు కథ చెబుతుంటే మధ్యలో ప్రశ్న వేయడం. రోజుకో జత. ప్రశ్న వేయాలంటే వినాలి, విన్నదానిలో ఖాళీ ఎక్కడుందో పట్టుకోవాలి. చదువుతూ చదువుతూ "ఇదేంటి, ఇలా ఎందుకైంది?" అని తనను తాను అడగడం బాగా చదివేవాళ్లందరూ చేసేదే. దాన్ని పైకి, నోటితో, అందరి మధ్యా అలవాటు చేస్తున్నామన్నమాట.

ప్రశ్న గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎక్కువ నష్టం జరుగుతున్నది అక్కడే. నేనిప్పుడు ఒక వాక్యం చెబుతాను. "ఒక జివుకం తన లొటారిని టమిరి పక్కన పెట్టి వెళ్లిపోయింది." ప్రశ్న: జివుకం దేన్ని పెట్టి వెళ్లిపోయింది? "లొటారిని." ఎక్కడ పెట్టింది? "టమిరి పక్కన." నూటికి నూరు మార్కులు. జివుకం అంటే ఏమిటో నాకూ తెలియదు, ఆ మాటలు నేను కల్పించినవి. తెలుగు వాక్యం నడక తెలిస్తే చాలు, అర్థం ఇసుమంత లేకుండా జవాబు రాసేయవచ్చు. మన గైడుల్లో, పాఠం చివరి అభ్యాసాల్లో, పరీక్ష పేపర్లలో ఉన్న ప్రశ్నల్లో ఎన్ని ఇలాంటివో ఒకసారి లెక్కపెట్టి చూడండి. 'రాజుకు ఎంతమంది కొడుకులు? వాళ్లు ఎక్కడికి వెళ్లారు?' పిల్లలు ప్రశ్నలోని మాటను పాఠంలో వెతుక్కుని పక్క మాట రాస్తారు. మనం టిక్కు పెడతాం. ఇప్పుడు "జివుకం ఎందుకు వెళ్లిపోయింది?" అని అడగండి. పిల్ల ఆగిపోతుంది. ఆగిపోవాలి. అక్కడి నుంచే చదువు మొదలవుతుంది.

ఇలా ఎందుకని అడగడం మనకు కొత్త విద్య కాదు. బేతాళుడు విక్రమార్కుణ్ణి 'రాజుకు ఎంతమంది కొడుకులు' అని ఎన్నడైనా అడిగాడా? కథంతా చెప్పి, అందులో ఒకరు చేసిన వింత పనిని ఎత్తి చూపి, అలా ఎందుకు చేశారంటాడు. జవాబు కథలో ఎక్కడా రాసి ఉండదు, కానీ దానికి కావలసిన ఆధారాలన్నీ కథలోనే ఉంటాయి. ఆధారాలు ఏరుకుని, రాసి లేని జవాబుకు చేరడాన్నే నేటి విద్యా పరిశోధకులు పఠనావగాహనలో కష్టమైన మెట్టుగా చెబుతున్నారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన 'చందమామ' పాత బేతాళ కథలు అయిపోయాక కూడా అదే చట్రంలో కొత్త కథలు దశాబ్దాల పాటు వేసింది. తెలుగునాట మూడు తరాల పిల్లలు నెల నెలా ఆ ప్రశ్న దగ్గర పత్రిక మూసి, జవాబు తామే ఊహించి, తర్వాత పేజీ తిప్పారు. ఇక్కడికి దగ్గరలోనే కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు వాళ్లను పత్రిక దగ్గరికి లాగాయి. పత్రికలోని మామూలు తెలుగు వాళ్లను అందులో నిలబెట్టింది. ఏ శిక్షణా లేకుండా జరిగిన పఠన ఉద్యమం అది.

మన చుట్టుపక్కలే ఇంకో కథ ఉంది. అన్నవరం కొండ మీద సత్యదేవుని వ్రతంలో అయిదు అధ్యాయాల కథ వినని కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు. అందులో వ్యాపారి పడవ నిండా ధనంతో తిరిగి వస్తుంటాడు. సన్యాసి రూపంలో వచ్చిన స్వామి పడవలో ఏముందని అడుగుతాడు. ఆకులూ తీగలూ తప్ప ఏమీ లేవంటాడు వ్యాపారి. అలాగే అగుగాక అని స్వామి వెళ్లిపోతాడు. తర్వాత వ్యాపారి చూసేసరికి పడవ నీటి మీద పైకి తేలి ఉంటుంది. ఇక్కడ ఆపి, మూడో తరగతిని అడగండి: పడవ పైకి ఎందుకు తేలింది? గోదావరి కాలువలు, పెంటకోట రేవు చూసిన పిల్లలు ఒక్క క్షణం ఆలోచించి "బరువు తగ్గింది" అంటారు. బరువెందుకు తగ్గింది? "బంగారం పోయింది, ఆకులైపోయింది." వ్యాపారి పడవలోకి చూడకముందే పిల్లలు చూసేశారు. ఆ ఆనందం వాళ్ల ముఖాల్లో చూసినవాళ్లకు పఠనావగాహన అంటే ఏమిటో ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

అల్లూరి సీతారామరాజు తునిలో కొంతకాలం చదువుకున్నాడు. 1922లో మన్యం పోలీసు స్టేషన్ల మీద దాడులు చేసే ముందు ఫలానా చోటికి వస్తున్నానని టపా పంపేవాడని జనం నేటికీ చెప్పుకుంటారు. ముందే చెబితే పోలీసులు జాగ్రత్త పడరా? మరి ఎందుకు పంపాడు? నాలుగో తరగతిలో ఈ ప్రశ్న వేసి ఊరుకోండి. భయపెట్టడానికని ఒకరంటారు, దొంగతనం కాదని చూపడానికని ఒకరంటారు, జనానికి ధైర్యం రావడానికని ఇంకొకరు. "కథలో ఏది విని అలా అనుకున్నావు?" అన్న రెండో ప్రశ్న మాత్రం మరవకండి. ఏ జవాబుకైనా కథలోంచి ఆధారం చూపించమనాలి. లేకపోతే అది ఊహ, అవగాహన కాదు.

ఇప్పుడు ఏడు చేపల కథకు వస్తాను. ఇంతకంటే మంచి పఠన పాఠాన్ని ఏ నిపుణుడూ తయారుచేయలేడని నా అభిప్రాయం. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండని ఒక చేప. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం. గడ్డిమోపు సంగతి ఆవు మీదికి, ఆవు సంగతి కాపరి మీదికి, అక్కడి నుంచి బువ్వ పెట్టని అవ్వ మీదికి, ఏడ్చే పిల్లవాడి మీదికి, చివరికి కుట్టిన చీమ మీదికి పోతుంది. ఇంటింటికీ ఒకటి రెండు పాత్రలు మారుతుంటాయి. ఆ మారడం మనకు మేలే. "మా ఇంట్లో అవ్వ కాదండీ, అమ్మ" అని ఒక పిల్ల లేస్తే, రెండు పాఠాలను పోల్చి చూసే పని మొదటి తరగతిలోనే మొదలైనట్టు.

మొదటి రోజు కథ చెప్పండి. రెండో రోజు ప్రతి 'ఎందుకు' దగ్గరా ఆగండి, పిల్లలు అందుకుంటారు. మూడో రోజు ఒక ముడి విప్పేయండి: ఆ రోజు కాపరి ఆవును మేతకు తోలాడనుకుందాం, అప్పుడు చేప ఏమయ్యేది? ఆవు గడ్డి మేస్తుంది, మోపు ఉండదు, ఎండ తగులుతుంది, చేప ఎండుతుంది. కారణం నుంచి ఫలితానికి, ఫలితం నుంచి కారణానికి పిల్లలు రెండు వైపులా నడవగలుగుతారు. తర్వాత పెద్ద ప్రశ్న: చేప ఎండకపోవడం ఎవరి తప్పు? చీమదని సగం తరగతి అంటుంది. తన పుట్టలో వేలు పెడితే చీమ ఊరుకుంటుందా అని మిగతా సగం. పసివాణ్ణి చీమల పుట్ట దగ్గర ఎవరు కూర్చోబెట్టారని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. తేల్చకండి, వాదించుకోనివ్వండి.

ఆ తర్వాతే నల్లబల్ల మీద 'చేప', 'ఆవు', 'చీమ', 'గడ్డి' రాయండి. 'గడ్డి'లో డ ఒత్తు ఉంది, ఒకటో తరగతి పిల్లలకు ఇంకా ఒత్తులు రాలేదు. అయినా చదివేస్తారు, అది అక్కడ ఉండాలని కథ వాళ్లకు చెప్పింది కనుక. ఇది మోసం కాదు. పెద్దవాళ్లమైన మనం పేపరు చదివేటప్పుడూ ముందు రాబోయే మాటను సగం ఊహించే చదువుతాం. ఊహించిన మాటను అక్షరాలతో సరిచూసుకోవడం నేర్పితే ఒత్తు కూడా అర్థంతో కలిసి వస్తుంది.

కథ చెప్పి ఊరుకుంటే సగం పనే అవుతుంది. మిగతా సగం పిల్ల తిరిగి చెప్పడం. రోజుకు ఇద్దరి చేత చెప్పించండి, మిగతా తరగతి ఊ కొడుతుంది. నెలలోపు గదిలో ప్రతి పిల్లకూ వంతు వస్తుంది. వినేటప్పుడు మనం చూడాల్సింది మాటలు తప్పుపోయాయా అని కాదు. వరస ఉందా? 'అందుకని', 'అయినా', 'ఎందుకంటే' లాంటి అతుకులు వస్తున్నాయా? ఎవరికి ఏం కావాలో తెలుస్తోందా? 'తర్వాత, తర్వాత' అంటూ సంఘటనలు పేర్చే పిల్ల కొన్నాళ్లకు 'అందుకని' అనడం మొదలుపెట్టిన రోజు తేదీ డైరీలో రాసుకోండి. ఏ యూనిట్ టెస్టు మార్కులకన్నా అది ఎక్కువ చెబుతుంది.

తర్వాత ఆ చెప్పినదాన్ని చార్టు మీద ఆ పిల్ల మాటల్లోనే రాయండి, కింద ఆమె పేరు పెట్టండి. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా యాష్టన్-వార్నర్ పిల్లలు కోరిన మాటలతోనే వాళ్లకు మొదటి పుస్తకాలు తయారుచేసింది. 1963లో వచ్చిన ఆమె పుస్తకం 'టీచర్' లోకమంతా చదివింది. మన చార్టు మీదా అంతే: పిల్ల తను చెప్పింది, తనకు అర్థమైంది, ఇప్పుడు అచ్చులా ఎదురుగా ఉంది. ఆ చార్టును ఏ పిల్లా అర్థం లేకుండా చదవలేదు.

ఇక్కడ భాష మాట వస్తుంది. తాండవ నదికి ఇవతల తుని, అవతల పాయకరావుపేట. ఒడ్డు మారితే జిల్లా మారుతుంది, మాట మాత్రం రెండు ఒడ్డుల మీదా కలిసిపోయి ఉంటుంది. ఉత్తరాంధ్ర పలుకుబడి, గోదావరి సాగతీత ఒకే బెంచీ మీద కూర్చుంటాయి. పిల్ల "కూకుంది", "ఒగ్గేసింది" అని చెబితే చార్టు మీద అలాగే రాయాలి. పాఠ్యపుస్తకంలో ఎలా ఉంటుందో తర్వాత పక్కన చూపిద్దాం. పిల్ల మాటను నోట్లోనే దిద్దేస్తే రెండోసారి ఆమె కథ చెప్పదు. మాట్లాడే తెలుగుకు బడిలో చోటు కావాలన్న పోరాటం మన ఉత్తర కోస్తాలోనే పుట్టింది. 1906–07 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే పాఠశాలల ఇన్‌స్పెక్టరు ఇక్కడి బడులు చూసి, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ ఇంత తేడా ఏమిటని అడిగాడు. ఆ ప్రశ్నను గిడుగు వెంకట రామమూర్తి పంతులు (1863–1940) జీవితమంతా మోశారు. అంతకుముందే పర్లాకిమిడిలో ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు. ఈరోజు మన పిల్లల చేతిలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఉన్నాయి. 2020–21 నుంచి అలా వస్తున్నాయి. మాధ్యమం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, టీచర్లకు నా మనవి ఇది: ఇంగ్లీషు పేజీ తెరిచే ముందు ఆ కథను ఇంటి తెలుగులో నోటితో చెప్పండి, తిరిగి చెప్పించండి. ఏం జరిగిందో తెలిసిన పిల్ల ఇంగ్లీషు వాక్యాన్ని వెంటాడగలదు. తెలియని పిల్ల రెండు భాషల్లోనూ గడగడా చదివి ఊరుకుంటుంది.

బడిలోకి కథను తెచ్చినవాళ్లు మనకు ముందే ఉన్నారు. గిజుభాయి బధేకా (1885–1939) వకీలు పని మాని గుజరాత్‌లోని భావనగర్‌లో పిల్లల దగ్గరికి వచ్చినవాడు. 1930ల మొదట్లో ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా దొరుకుతుంది. అందులో ఉపాధ్యాయుడు నాలుగో తరగతిని ఏడాదిపాటు తనకు వదిలేయమని అధికారిని అడుగుతాడు. మొదటి రోజు తరగతి అదుపులోకి రాదు. అప్పుడు కథ అందుకుంటాడు, అల్లరి ఆగుతుంది. ఆ కథలు పుస్తకాల్లో ఉన్నాయని తెలిశాక పిల్లలు పుస్తకాల మీద పడతారు. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో కథల పుస్తకాలు కొని తరగతి లైబ్రరీ పెడతాడు. తొంభై ఏళ్లు దాటినా ఆ వరస మారలేదు: ముందు చెవి, తర్వాత కోరిక, తర్వాత పుస్తకం. మన గోదావరి సీమలోనే పుట్టి, విద్యాశాఖలో పనిచేసిన చింతా దీక్షితులు (1891–1960) 'సూరి, సీతి, వెంకి' కథల్లో పిల్లల్ని పిల్లల్లాగే మాట్లాడించారు. ఉపాధ్యాయుడు తన తరగతి మాటను విని రాస్తే ఏమవుతుందో చూడాలంటే అవి చదవాలి.

ఇక నీతి సంగతి. కథ అయిపోగానే "ఈ కథలోని నీతి ఏమిటి?" అని అడగడం మానేయమని చేతులు జోడించి కోరుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబు కథ వినకుండానే చెప్పవచ్చు: అబద్ధం ఆడరాదు, ఐకమత్యమే బలం. పిల్లలు వెతకడం ఆపేస్తారు. నీతి కోసం పుట్టిన పంచతంత్రం కూడా ఇలా చేయదు. చదువు అబ్బని రాజకుమారులకు విష్ణుశర్మ ఆరు నెలల్లో రాజనీతి నేర్పింది కథలతోనే. కానీ అందులో ఒక జంతువు తన వాదం నిలబెట్టుకోవడానికి ఒక కథ చెబితే, ఎదుటి జంతువు ఒప్పుకోక దానికి విరుద్ధంగా ఇంకో కథ చెబుతుంది. కథ అక్కడ సాక్ష్యం. చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'గా మొదటి రెండు తంత్రాలు రాస్తే, రాజమండ్రి వీరేశలింగం పంతులుగారు సంధి, విగ్రహం రాశారు. తరాల తరబడి వాటిని పాఠ్యపుస్తకాలుగా చదివించాం. అందులోని వాదాన్ని వదిలేసి శ్లోకార్థాన్ని మిగుల్చుకున్నాం. అయిదో తరగతిలో ఒక జట్టు నక్క తరఫున, ఒక జట్టు ఎద్దు తరఫున మాట్లాడితే ఆ పుస్తకం మళ్లీ లేచి కూర్చుంటుంది.

అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబస్ అవ్వాలి, మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి, హాజరు వేయాలి. ఒక్కరే అయిదు తరగతులు చూసే బడులున్నాయి. నిజానికి ఏకోపాధ్యాయ బడికే కథ ఎక్కువ పనికొస్తుంది. అయిదు తరగతులకూ ఒకేసారి చెప్పగలిగిన పాఠం ఇంకేముంది? ఒకే కథ విన్నాక ఒకటో తరగతి బొమ్మ వేస్తుంది, రెండు మాటలు గుర్తుపడుతుంది, మూడు తిరిగి చెబుతుంది, నాలుగు రాస్తుంది, అయిదు ముగింపు మార్చి కారణం చెబుతుంది. గొంతు బాగోదు, అభినయం రాదు అనేవాళ్లు పుస్తకం పట్టుకుని చదివి వినిపించండి, అదీ కథ చెప్పడమే. 2020లో రాష్ట్రం 'చదవడం మాకిష్టం' అని కార్యక్రమం పెట్టింది. చాలా బడుల్లో పుస్తకాలు ఉన్నాయి. కానీ చిరిగిపోతే ఎవరు సమాధానం చెప్పాలన్న భయంతో బీరువాలో తాళం కింద ఉన్నాయి. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమని పై అధికారులు ఒక కాగితం మీద రాసిస్తే ఆ తాళాలు ఊడతాయి. 'మంచి పుస్తకం' వాళ్ల ప్రచురణలు, అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పత్రిక, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లోని తెలుగు కథలు చిన్న తరగతులకు పనికొస్తాయి. స్టోరీవీవర్‌లోవి డబ్బు లేకుండానే దొరుకుతాయి.

కథతో కానిదీ ఉంది. ఒత్తులు రాని పిల్లకు ఎన్ని కథలు చెప్పినా ఒత్తులు రావు. వాటికి రోజూ వేరే సాధన కావాలి, దాన్ని తగ్గించమని నేననడం లేదు. అలాగే నాలుగు, అయిదు తరగతుల్లో పరిసరాల విజ్ఞానం కథలా నడవదు. అక్కడ విభజన, పోలిక, వివరణ ఉంటాయి. కొంతవరకు వంతెన వేయవచ్చు. తాండవ కొండల్లో బయల్దేరి, జలాశయంలో ఆగి, పొలాలకు నీరు పంచి, తునికీ పాయకరావుపేటకూ మధ్య నుంచి నడిచి పెంటకోట దగ్గర సముద్రంలో కలిసే ప్రయాణంగా నీటి పాఠం మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత పటం, పట్టిక చదవడం మాత్రం విడిగా నేర్పాల్సిందే.

చివరగా మాస్టారి పేరున ఉన్న స్మారక నిధి గురించి. ఏటా వచ్చే వడ్డీతో ఒక ఉపన్యాసం పెట్టించడమే కాక ఇంకో పని చేయాలని నిర్వాహకులతో మాట్లాడాను, వారు ఒప్పుకున్నారు. తుని చుట్టుపక్కల ఊళ్లలో, తొండంగి వైపు మత్స్యకారుల పేటల్లో, రౌతులపూడి వైపు కొండ ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే కథలను నాలుగు, అయిదు తరగతుల పిల్లలే ఫోన్లో రికార్డు చేస్తారు. విని తమ చేతులతో రాస్తారు. టీచర్లు అక్షరదోషాలు చూస్తారు, మాట మార్చరు. వాటిని పెద్ద అక్షరాల్లో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి, ఒకటి, రెండు తరగతులకు పంచుతాం. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, కొండవాళ్లు అందరి ఇళ్ల కథలూ అందులో ఉండాలి. తన అమ్మమ్మ కథ బడిలో లేని పిల్ల ఒక్కరూ మిగలకూడదు. జూన్ 12న బడులు తెరిచేనాటికి మొదటి పది పుస్తకాలైనా సిద్ధం కావాలి. బాగా కథలు చెప్పే అమ్మమ్మలు, తాతయ్యలు మీకు తెలిసినవాళ్లుంటే వాళ్ల ఊరూ పేరూ గుమ్మం దగ్గర బల్ల మీదున్న పుస్తకంలో రాసి వెళ్లండి.